కమాను వెనక శ్రమ

మన సాహిత్య చరిత్రల్లో కవికి చోటుంది. కృతి పుచ్చుకున్న రాజుకి చోటుంది. మౌఖిక సాహిత్యాన్ని పట్టించుకోవటం మొదలుపెట్టాక పాడినవాడికీ కొంత చోటు దొరికింది. పాడినవాడి చేతిలో ఉన్న వాద్యాన్ని చేసినవాడికి మాత్రం ఇప్పటికీ చోటు లేదు. తాళపత్రాల కాలం గురించి రాసేవాళ్ళు తాటాకునీ గంటాన్నీ లేఖకుణ్ణీ ప్రస్తావిస్తారు. అచ్చు వచ్చిన తరవాతి కాలం గురించి రాసేవాళ్ళు ముద్రణాలయాలనీ కాగితం ధరనీ చర్చిస్తారు. కాని పాటగా బతికిన సాహిత్యానికి ఉత్పత్తి సాధనాలు ఏవి, అవి ఎవరి చేతుల్లో తయారయ్యాయి, ఆ చేతులకి తిండి ఎవరు పెట్టారు అన్న ప్రశ్నలు మన విమర్శలో అరుదు. ఫలితాన్ని ముందు నిలబెట్టి శ్రమని వెనక్కి నెట్టే దృష్టి ఉన్నంతకాలం అవి అరుదుగానే ఉంటాయి.

ఈ వ్యాసంలో నేను ఒక చిన్న పరికరాన్ని తీసుకుంటున్నాను. తీగని మీటకుండా, దానిమీద రాసి నాదం పుట్టించే కర్ర. ఆ కర్రకి బిగించిన గుర్రపు తోక వెంట్రుకలు. వయొలిన్ వాళ్ళు దాన్ని కమాను అంటారు, సారంగి వాళ్ళు గజ్ అంటారు. పారశీకంలో కమాన్ అంటే విల్లు. ఆ మాటే మన భాషలోకి వచ్చి కట్టడాల్లోని వంపు ద్వారానికీ, బండి కింద వేసే ఉక్కు పట్టీలకీ, తీగవాద్యం మీద ఆడే కర్రకీ పేరయింది.

నున్నటి వెంట్రుక తీగమీద జారిపోతుంది. దానికి గుగ్గిలం వంటి చెట్టుబంక పొడి పట్టిస్తే వెంట్రుక తీగని పట్టుకుని లాగుతుంది, తీగ విడిపించుకుంటుంది, మళ్ళీ పట్టుబడుతుంది. సెకనుకి వందలసార్లు జరిగే ఈ పట్టూ విడుపూనే మనం నాదంగా వింటాం. మీటిన తీగ కాసేపు మోగి ఆరిపోతుంది. కమాను కింద తీగ అలా ఆరిపోదు, మనిషి గొంతులాగే సాగుతుంది. రాత్రంతా కూచుని వంశకథ పాడేవాడికి కమాను ఎందుకు అవసరమయిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. గొంతు ఊపిరి తీసుకునే చోట తీగ ఆ పని అందుకుంటుంది. తరవాతి చరణం గుర్తు చేసుకోవటానికి గాయకుడికి వ్యవధి ఇస్తుంది. కనక ఈ పరికరం సాహిత్యానికి బయట ఉన్న అలంకారం కాదు, ఆ సాహిత్య నిర్మాణంలో ఒక భాగం.

ఆదిలాబాద్ కిక్రి

మన నేలమీద కమానుకీ కథాసాహిత్యానికీ సంబంధం అన్నిటికన్న గట్టిగా కనిపించేది ఆదిలాబాద్ అడవుల్లో. అక్కడి రాజ్‌గోండులకి వంశగాయకులు పర్ధాన్‌లు. వాళ్ళకన్న చాలా తక్కువ సంఖ్యలో ఉన్న తోటీలదీ ఇదే వృత్తి. వాళ్ళ చేతిలోని మూడు తీగల వాద్యం కిక్రి. కింగ్రి అని కూడా అంటారు. తొలిచిన చెక్కకి తోలు కప్పి, తీగలు కట్టి, వెంట్రుకల కమానుతో వాయిస్తారు.

గోండు సమాజం నాలుగు సగలుగా ఉంది: ఏడుగురు అన్నదమ్ముల శాఖ, ఆరుగురి శాఖ, అయిదుగురి శాఖ, నలుగురి శాఖ. ఒక్కొక్క శాఖకీ, అందులోని వంశాలకీ మూలకథలున్నాయి. వంశదేవత పెర్సా పెన్ కొలువులో ఆ కథ పాడాలి. పాడే హక్కూ బాధ్యతా ఆ వంశానికి కట్టుబడిన పర్ధాన్ కుటుంబానివి. ఆదిలాబాద్ పర్ధాన్‌లు ఇంట్లో మాట్లాడుకునేది ఎక్కువగా మరాఠీ. కథ పాడేది గోండీలో. అంటే ఒక జాతి ఇతిహాసాన్ని మరొక సమూహం, తన ఇంటి భాష కాని భాషలో, తరతరాలుగా కాపాడింది. ఏటా పుష్య అమావాస్యకి కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్ళు జరిపే నాగోబా జాతరకి పోయినవాళ్ళకి ఈ సంబంధం ఇప్పటికీ కనిపిస్తుంది.

ఈ సాహిత్యం కాగితం మీదికి ఎలా వచ్చింది? 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగాడు. గోండుల తిరుగుబాటుకి కారణాలేమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి అప్పుడు కలిగింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ హైమన్‌డార్ఫ్ ఆ పనిమీద ఆదిలాబాద్ వచ్చి, మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. అందులోని పురాణాలకి ఆధారం ప్రధానంగా పర్ధాన్‌ల నోటి మాట. రాజ్యం తుపాకి పేల్చిన తరవాతే రాజ్యానికి ఆ పాట వినిపించింది అన్న సంగతి సాహిత్య విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం ఒకటుంది. పర్ధాన్‌లలో కమాను చేసే వృత్తి అంటూ వేరే లేదు. దాన్ని వాయించేవాడికీ, సరిచేసుకునేవాడికీ, తెగిన వెంట్రుకలు మార్చుకునేవాడికీ, కథ గుర్తుంచుకునేవాడికీ మధ్య గీత గియ్యలేం. కొడుకు తండ్రి దగ్గర కథ నేర్చుకునేటప్పుడు వాద్యం బాగోగులూ నేర్చుకున్నాడు. చేతిపనీ స్మృతీ ఒకే ఇంట్లో, తరచు ఒకే మనిషిలో ఉన్నాయి. ఇవి విడిపోతే ఏమవుతుందో చూడటానికి మనం కొంత దూరం వెళ్ళాలి, పారిస్ దాకా.

పారిస్‌లో ఒక కుటుంబం

కమాను యూరప్‌లో పుట్టింది కాదు. 10వ శతాబ్దం నాటి అరబ్బు, బైజాంటియం ఆధారాల్లో అది కనిపిస్తుంది. ఆ తరవాతే పడమటికి పోయింది. అయితే ఈ రోజు ప్రపంచమంతటా వయొలిన్ వాయించేవాళ్ళు పట్టుకునే కమాను రూపం మాత్రం 18వ శతాబ్దం చివర పారిస్‌లో స్థిరపడింది. స్థిరపరిచినవాళ్ళలో తూర్త్ కుటుంబం ముఖ్యమైనది. తండ్రి కమానులు చేసేవాడు. పెద్దకొడుకు లెయొనార్‌దీ అదే పని. చిన్నకొడుకు ఫ్రాన్స్వా జేవియర్ తూర్త్ 1747లో పుట్టి 1835లో చనిపోయాడు. ఇతను మొదట నేర్చుకున్నది గడియారాల పని. చిన్న మరమేకులూ, సన్నని లోహపు పట్టీలూ, వెంట్రుకవాసి తేడాలూ చేతికి అలవాటైన తరవాత కమాను పనిలోకి వచ్చాడు.

అతను చేసిందేమిటి? కర్రని వంపు ఉండేలా చెక్కటం మాని, నిటారుగా చెక్కి, వేడిమీద లోపలికి వంచాడు. దీనివల్ల చెక్క పేళ్ళు తెగకుండా కర్ర పొడుగునా సాగి, సన్నటి కర్రకి కూడా బలం వచ్చింది. పొడుగు సుమారు 74, 75 సెంటీమీటర్లకి కుదిరింది. నూట యాభైకి తగ్గని వెంట్రుకలని ముద్దగా కాకుండా పలచని పట్టీలా పరిచి, పిడి దగ్గర చిన్న లోహపు బిళ్ళతో బిగించే పద్ధతి స్థిరపడింది. పెద్ద సభామందిరాలు వస్తున్న కాలం అది. రాజు గదిలో నలుగురికి వినిపించవలసిన నాదం ఇప్పుడు టికెట్టు కొన్న వందలమందికి వినిపించాలి. అంటే కమాను మారటానికి కారణం ఒక్కడి ప్రతిభ కాదు. సంగీతం కొనుక్కునే వర్గం మారింది. ఆ మార్పు అడిగిన దాన్ని ఒక కుటుంబం చేతులు ఇవ్వగలిగాయి.

కమాను కర్ర ఎక్కడిది? బ్రెజిల్ తీరపు అడవుల్లో పెరిగే పెర్నాంబుకో చెట్టుది. ఆ చెట్టు పేరే ఆ దేశానికి పేరయింది. దాని నడిమి చేవ నుంచి ఎర్రరంగు వస్తుంది. 16వ శతాబ్దం నుంచి పోర్చుగీసు వర్తకులు అక్కడి ఆదివాసుల చేత, ఇనప గొడ్డళ్ళూ కత్తులూ ఇచ్చి, ఆ చెట్లు కొట్టించారు. పోర్చుగల్ రాజు ఆ కలప వ్యాపారాన్ని తన గుత్త చేసుకున్నాడు. యూరప్‌కి ఆ దుంగలు వచ్చింది వాద్యాల కోసం కాదు, బట్టలకి రంగు వెయ్యటానికి. రంగుల సరుకుగా వచ్చిన కలపలో కమాను పనివాళ్ళు తమకి కావలసిన గట్టిదనాన్నీ సాగుదలనీ కనిపెట్టారు. ఆ కనిపెట్టటం గొప్పదే. కాని ఆ చెక్క వారి చేతిదాకా రావటానికి ఒక వలస సామ్రాజ్యం కావలసి వచ్చిందన్న సంగతిని సంగీత చరిత్రకారులు ఒక్క వాక్యంలో దాటేస్తారు.

సంతకం సంగతి చూద్దాం. ఫ్రాన్స్వా తూర్త్ తన కమానుల మీద పేరు ముద్ర వేసింది చాలా అరుదు. అతని తరవాతి తరంలో పరిస్థితి మరో విధంగా మారింది. పారిస్‌లో విల్యోమ్ అనే వాద్యాల తయారీదారు, వ్యాపారి (1798–1875) పెద్ద పనిశాల పెట్టాడు. వాద్యాల పనికి పేరుపడ్డ మీర్‌కూర్ ఊరినుంచి వచ్చిన పనివాళ్ళు అక్కడ చేరారు. పెక్కాత్, వ్వారేన్ వంటి, ఇవాళ కమాను చరిత్రలో మొదటి వరసలో చెప్పుకునే పనివాళ్ళు కొన్నేళ్ళ పాటు అతని దగ్గరే పనిచేశారు. వాళ్ళు చెక్కిన కమానుల మీద పడింది విల్యోమ్ పేరు. నైపుణ్యం చేతిలో ఉంది, ముద్ర యజమాని దగ్గర ఉంది. ఎవరు చెక్కారో తెలుసుకోవటానికి నేటి నిపుణులు కర్ర తల చెక్కిన తీరునీ ఉలి గుర్తులనీ చూడవలసి వస్తోంది. పేరు పోయినా చేతివాటం మిగిలింది కనక అది సాధ్యమవుతోంది.

ఒకే కమాను, రెండు గౌరవాలు

19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ యూరప్ వయొలిన్ దక్షిణాది సంగీతంలోకి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దాన్ని నేర్చుకుని మన రాగాలకి తిప్పుకున్నాడు. తెలుగునాట దాని వైభవానికి ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) పేరు చెబితే చాలు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో 1919లో ఆచార్యుడిగా చేరి, తరవాత దానికే అధ్యక్షుడయ్యాడు. వయొలిన్‌ని గాత్రానికి పక్కవాద్యం స్థాయినుంచి ఒంటరిగా కచేరీ చెయ్యగల స్థాయికి తెచ్చినవాళ్ళలో ఆయన ముందున్నాడు.

ఆయన ప్రతిభని తగ్గించటం నా ఉద్దేశం కాదు. నేను అడిగేది వేరు. ఓడలో వచ్చిన కమాను రెండు తరాల్లో శాస్త్రీయమయింది. ఆదిలాబాద్ అడవిలో ముందునుంచీ ఉన్న కమాను ఇప్పటికీ జానపదమనో గిరిజనమనో పిలిపించుకుంటోంది. సూత్రం ఒకటే, వెంట్రుక ఒకటే, రాపిడి ఒకటే. తేడా ఎక్కడుంది? పోషించినవాడి హోదాలో ఉంది. విజయనగరంలో పోషకుడు సంస్థానాధీశుడు. కేస్లాపూర్‌లో పోషకుడు భూమి కోసం అధికార్ల చుట్టూ తిరుగుతున్న గోండు రైతు. వాద్యాల మధ్య మనం పాటించే ఈ తారతమ్యం సంగీతశాస్త్రం నేర్పింది కాదు, భూమి సంబంధాలు నేర్పింది.

అడవి ఎవరికి దగ్గర, ఎవరికి దూరం

పారిస్ పనివాడికి కొన్ని వేల మైళ్ళ దూరంలోని అడవి ఓడలో నడిచి వచ్చింది. ఆదిలాబాద్ గాయకుడికి కళ్ళెదుట ఉన్న అడవి దూరమయింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో నిజాం ప్రభుత్వం టేకు అడవులకి రిజర్వు హద్దులు గీసింది. గోండుల పాత పోడు భూములు, బీడుగా వదిలిన చేలు హద్దుల లోపలికి పోయాయి. కొమ్మ కొడితే నేరం, పశువు మేస్తే జరిమానా. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం 1920ల చివర పూర్తయింది; దానివెంట వలస రైతులూ షావుకార్లూ గుత్తేదార్లూ వచ్చారు. కాగితం ఉన్నవాడిదే భూమి అయింది. కాగితం లేని గోండు తన చేలోనే కౌలుదారో కూలీయో అయ్యాడు. కొమురం భీం పోరాటం పుట్టింది ఈ పరిస్థితి నుంచే.

ఆ తరవాత పట్టాల పంపిణీ కొంత జరిగింది. స్వతంత్రం వచ్చాక గిరిజన భూముల బదలాయింపుని అడ్డుకోవటానికి 1959లో నిబంధన వచ్చింది, 1970లో దాన్ని మరింత బిగించారు. అయినా భూమి చేతులు మారటం ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు.

ఈ సంఘటనలకీ కమానుకీ సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం చాలా సూటిగా ఉంది. పర్ధాన్‌కి ముట్టేది గోండు పంటలోంచి. పెళ్ళికీ చావుకీ పెర్సా పెన్ కొలువుకీ ధాన్యమో పశువో బట్టలో అతనికి రావాలి. గోండు చేను పోతే ఆ వాటా పోతుంది. వాటా పోయినవాడు కొడుక్కి నెలల తరబడి కథ నేర్పుతూ కూచోలేడు, కూలికి పోతాడు. కొడుకు కథ నేర్చుకోకపోతే ఇంట్లోని కిక్రికి తోలు సడలినా, కమాను వెంట్రుకలు తెగినా మార్చేవాడు ఉండడు. భూమి పోవటానికీ వాద్యం మూగపోవటానికీ మధ్య ఉన్నవి ఇన్ని మెట్లే. ‘ఆధునికత వచ్చి జానపద కళలు పోయాయి’ అని సభల్లో చెప్పుకునే మాట ఈ మెట్లన్నిటినీ ఒక్క దూకుతో దాటేస్తుంది. ఆధునికత అనే గాలి ఏదో వీచి కమాను వెంట్రుకలు తెగలేదు. చట్టాలు చేసినవాళ్ళున్నారు, అప్పు పత్రాలు రాయించుకున్నవాళ్ళున్నారు.

పాత బంధానికి కన్నీళ్ళు వద్దు

ఇంతమాత్రాన పాత పోషక సంబంధం స్వర్ణయుగమని నేను అనటం లేదు. అలా అనుకోవటం అభ్యుదయ విమర్శకి తగదు. గోండుకి పర్ధాన్ లేకుండా దేవత కొలువు సాగదు. అయినా గోండు పర్ధాన్ చేతి తిండి తినడు. కథ పవిత్రం, కథ పాడినవాడు తక్కువ. మాదిగలకి ఆశ్రితులైన డక్కలివాళ్ళ సంగతీ ఇంతే. కిన్నెర మెట్ల మీద ఒక కులపు పురాణం మోసినవాళ్ళు ఆ కులంచేత కూడా తక్కువగా చూడబడ్డారు. అణగారినవాళ్ళ లోపల కూడా నిచ్చెన ఉందన్న సత్యాన్ని ఆశ్రిత కులాల చరిత్ర ముఖాన కొట్టినట్టు చెబుతుంది.

కనక పర్ధాన్ ఇంటి పిల్లవాడు కిక్రి వదిలి బడి పంతులయితే అది విషాదం కాదు. తన తండ్రి కూచోలేని వరసలో అతను కూచుంటున్నాడు. సంస్కృతి రక్షణ పేరుతో అతన్ని మళ్ళీ పాత ముష్టి వాటాకి పొమ్మనే హక్కు మనకి లేదు. అసలు ప్రశ్న ఇది: విముక్తి కావాలంటే నైపుణ్యాన్ని వదులుకోక తప్పదా? ఆశ్రయం పోయి, దాని స్థానంలో వేతనం వచ్చి, నైపుణ్యం నిలిచే దారి లేదా? పాత సంబంధం కూలటాన్ని నేను ఆహ్వానిస్తాను. దాని స్థానంలో ఏమి వచ్చిందన్నదే నా పేచీ.

వచ్చినవి మూడు దారులు

ఒక దారి మధ్యప్రదేశ్ పర్ధాన్‌ల కథలో కనిపిస్తుంది. అక్కడ కిక్రికి చుట్టం బానా. బడాదేవ్ ఆ వాద్యంలోనే ఉంటాడని వాళ్ళ నమ్మకం. నర్మదా ఎగువ లోయలోని ఆ పర్ధాన్‌ల మీద శ్యామ్‌రావ్ హివాలే రాసిన పుస్తకం 1946లో వచ్చింది. ఆ ప్రాంతంలోని పాటన్‌గఢ్‌లో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ గోడమీద వేసిన బొమ్మలు 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్‌కి చెందిన చిత్రకారుడు స్వామినాథన్ కంటపడ్డాయి. బానా పలికించవలసిన దేవతలు రంగుల్లోకి వచ్చారు. ఆ చిత్రకళకి ప్రపంచ ఖ్యాతి వచ్చింది, చాలా కుటుంబాలకి అన్నం దొరికింది. 2001లో జన్‌గఢ్ జపాన్‌లో ఒక మ్యూజియంలో పనిచేస్తూ, ఇంటికి దూరంగా, ఆత్మహత్య చేసుకున్నాడు. దేవత వాద్యంలోంచి కాన్వాసు మీదికి మారగలిగింది. కళాకారుడు ఆశ్రయంలోంచి స్వేచ్ఛలోకి మారగలిగాడా అన్న ప్రశ్నకి ఆ చావు ఇచ్చిన జవాబు దారుణమైనది.

రెండో దారి బొబ్బిలిది. అక్కడికి దగ్గర్లోని గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. పనస దుంగని ఒకే ముక్కగా తొలిచి చేసే ఏకాండి వీణ వాళ్ళ ప్రత్యేకత. సంస్థానం పోషణలో పెరిగిన పని అది. బొబ్బిలి వీణకి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చిన గుర్తింపు ఊరికి. చేసిన చేతి పేరు అందులో ఉండదు. నిండు వీణ కొనే విద్వాంసులు కొద్దిమంది. అందుకని ఆ చేతులు సన్మాన సభల్లో ఇచ్చే చిన్న చిన్న జ్ఞాపిక వీణలు చెయ్యటానికి మళ్ళాయి. అవి చూడటానికి అచ్చం వీణలే, అద్దాల పెట్టెల్లో మూగగా కూచునేవి. వాటివల్ల పొయ్యి వెలుగుతోంది కనక నేను వాటిని ఎగతాళి చెయ్యను. అయితే స్వరం సరిచూడవలసిన అవసరం లేని వాద్యం చేస్తూ చేస్తూ రెండు తరాలు గడిస్తే, స్వరం సరిచూడగల చెవి ఏమవుతుందో ఆలోచించాలి.

మూడో దారి బిరుదులది. డక్కలి కిన్నెర మొగిలయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయన పాట 2021లో సినిమా ద్వారా ఊరూరా మోగింది. 2024లో అదే మొగిలయ్య హైదరాబాద్ శివార్లలో కట్టుబడి పనిలో కూలి చేస్తున్న సంగతి పత్రికల్లో వచ్చింది. పతకం గౌరవమే. అది వేతనానికి బదులు కాలేదు.

మాదాపూర్‌లో చూస్తే

ఈ మూడు దారులూ కలిసే చోటు ఒకటి హైదరాబాద్‌లో నేను తరచు పోయే ప్రాంతంలో ఉంది. మాదాపూర్‌లో శిల్పారామం 1992లో మొదలయింది. దానికి నడిచివెళ్ళేంత దూరంలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయింది. చేతిపనుల ఊరు ముందు వచ్చింది, హైటెక్ సిటీ తరవాత వచ్చింది. శిల్పారామంలో గ్రామీణ మ్యూజియం ఉంది. గుడిసెలు కట్టి, వాటి ముందు నిలువెత్తు బొమ్మల్ని కూచోబెట్టారు: ఇది కుమ్మరి, ఇది సాలె, ఇది వడ్రంగి. పక్కనే దుకాణాల్లో నిజం పనివాళ్ళు నేలమీద కూచుని సరుకు అమ్ముతుంటారు. సందర్శకులు బొమ్మ పనివాడి పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటారు, నిజం పనివాడి దగ్గర బేరమాడతారు. దుకాణంలో తీగవాద్యం కూడా దొరుకుతుంది. నేను అడిగిన చోటల్లా జనం దాన్ని గోడకి తగిలించుకోవటానికే కొంటున్నారని చెప్పారు. కమాను పక్కన కట్టి ఉంటుంది కాని దాని వెంట్రుకకి గుగ్గిలం ముట్టదు.

కొనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ కారిడార్‌లో పనిచేసే యువతీయువకుల్లో చాలామంది చేనేత కుటుంబాల, రైతు కుటుంబాల పిల్లలు. వాళ్ళు రాత్రింబగళ్ళు రాసే ప్రోగ్రాముల మీద వాళ్ళ పేరు ఉండదు, కంపెనీ ముద్ర ఉంటుంది. విల్యోమ్ పనిశాలలో కమాను చెక్కినవాడికీ, మాదాపూర్ అద్దాల మేడలో కోడు రాసేవాడికీ ఈ విషయంలో ఉన్న పోలిక నేను బలవంతంగా తెస్తున్నది కాదు. జీతాల్లో తేడా ఉంది, గౌరవంలో తేడా ఉంది; సంతకం లేకపోవటంలో తేడా లేదు. తన పేరు పోగొట్టుకున్న ఒక శ్రామికుడు తన పేరు పోగొట్టుకున్న మరో శ్రామికుడి సరుకుని అలంకారంగా కొనుక్కుని ఇంటికి పోతున్నాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టేలా చెయ్యటం రచయితల పని అని నేననుకుంటాను.

మనం చెయ్యవలసింది

పెర్నాంబుకో చెట్టు అంతరించే ప్రమాదంలో పడటంతో 2007లో దాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు, 2022లో ఆ నిబంధనల్ని మళ్ళీ సవరించారు. దాంతో యూరప్, అమెరికా కమాను పనివాళ్ళు సంఘాలుగా కూడి, ఆ చెట్లు నాటించటానికీ తమ వృత్తి నిలుపుకోవటానికీ కొన్నేళ్ళుగా పాటుపడుతున్నారు. వాళ్ళకి గొంతు ఉంది, చరిత్రగ్రంథాలు ఉన్నాయి, ఏ కమాను ఎవరు చేశారో వేలం పాటల్లో తేల్చే నిపుణులున్నారు. కిక్రి కమానుకి అలాంటి చరిత్ర ఒక్కటీ లేదు. దాన్ని రాయగలిగినవాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లో ఉన్నారు.

మౌఖిక సాహిత్యం మీద పరిశోధన చేసే విద్యార్థులు పాట సేకరిస్తారు, పాఠాంతరాలు చూస్తారు, ఛందస్సు లెక్కపెడతారు. దానితోపాటు ఇంకొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ వాద్యం ఎవరు చేశారు? చెక్క ఏ చెట్టుది, ఆ చెట్టు కొట్టటానికి ఇవాళ అనుమతి ఉందా? గుర్రాలు కనపడని ఊళ్ళో కమానుకి వెంట్రుక ఎక్కణ్ణించి వస్తోంది? ఆఖరిసారి ఈ కథ పూర్తిగా పాడింది ఏ ఇంట, ఆ ఇంటివాళ్ళు ఏమిచ్చారు, ఆ ఇంటికి ఇప్పుడు భూమి ఎంత మిగిలింది? ఈ జవాబులు పాట పక్కన అచ్చు కావాలి. అప్పుడు గాని ఆ పాట సాహిత్యంగా మనకి పూర్తిగా అందదు.

ఇక ప్రభుత్వాన్ని అడగవలసింది బిరుదులూ స్టాళ్ళూ కాదు. నేర్పేవాడికి నెల జీతం, నేర్చుకునేవాడికి ఉపకార వేతనం, వాద్యానికి కావలసిన చెక్క తీసుకోవటానికి అటవీ శాఖ నుంచి హక్కుగా అనుమతి. మార్లవాయిలో 1943లో గోండీలో చదువు చెప్పే ఉపాధ్యాయుల శిక్షణ మొదలయింది. ఎనభై ఏళ్ళ కిందట నిజాం పాలనలో సాధ్యమైనది ఇవాళ సాధ్యం కాదని ఎవరూ అనలేరు. ఆ ప్రాంతపు బడుల్లో కిక్రి నేర్పే పర్ధాన్, తోటి ఉపాధ్యాయులకి పోస్టులు ఉండాలి. ఎవరి దయమీదా ఆధారపడకుండా, ఎవరి ముంగిటా తక్కువగా కూచోకుండా, తన పనికి తన జీతం తీసుకుంటూ పర్ధాన్ ఇంటి అమ్మాయో అబ్బాయో కమాను పట్టుకోగలగాలి. పట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయం కూడా వాళ్ళదే కావాలి.